ఆపే అధికారం లేని సంతకం

ఆ కాగితంలో రెండు గళ్లున్నాయి. ప్రయాణానికి పట్టే సమయం 4 గంటల 22 నిమిషాలు. ట్యాంకుల్లో ఉన్న ఇంధనం ఎంతసేపు వస్తుందంటే, అదీ 4 గంటల 22 నిమిషాలే. ఐదో తరగతి పిల్లాడికి చూపించినా 'మరి మిగిలేది ఎంత?' అని అడుగుతాడు.

2016 నవంబర్ 28న బొలీవియాలోని శాంతాక్రూజ్ నుంచి కొలంబియాలోని మెడెలిన్‌కు బయల్దేరిన లామియా అనే కంపెనీ విమానం ఫ్లైట్ ప్లాన్, అంటే బయల్దేరే ముందు ఇచ్చే ప్రయాణ వివరాల కాగితం అది. బ్రెజిల్‌కు చెందిన షాపెకొయెన్సె ఫుట్‌బాల్ జట్టు ఫైనల్ ఆడటానికి అందులోనే వెళ్లింది. మెడెలిన్ దాకా వచ్చాక, వేరే విమానాన్ని ముందు దించుతున్నందున కాసేపు గాల్లో తిరగాల్సి వచ్చింది. ఇంధనం అయిపోయి నాలుగు ఇంజిన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. కొండ మీద కూలిన ఆ విమానంలో ఉన్న 77 మందిలో ఆరుగురే మిగిలారు. మంటలు కూడా రాలేదు. మండటానికి అందులో ఇంధనం ఉంటే కదా!

తప్పంతా పైలట్‌దే అంటారు చాలామంది. ఆయన ఆ కంపెనీ యజమానుల్లో ఒకరు. మధ్యలో దిగి ఇంధనం నింపుకోలేదు. ప్రమాదంలో ఉన్నామన్న మాట చివరి నిమిషాల దాకా నోరు తెరిచి చెప్పలేదు. ఇవన్నీ నిజాలే. కానీ దురాశ, మొండితనం ఉన్న మనిషి ఎప్పుడో ఒకప్పుడు కాక్‌పిట్‌లో కూర్చుంటాడనే కదా ఇన్ని నిబంధనలు పెట్టుకున్నది? గమ్యం చేరడానికి సరిపడా ఇంధనం ఉంటే చాలదు. అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి కావాలి, ఆ పైన కనీసం మరో అరగంటకు నిల్వ ఉండాలి. ఆ లెక్క చూడటానికే నేల మీద ఒక మనిషిని కూర్చోబెట్టారు.

ఆ మనిషి చూసింది కూడా. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. శాంతాక్రూజ్ విమానాశ్రయంలో ఫ్లైట్ ప్లాన్లు తీసుకునే అధికారిణి ఆ రెండు అంకెలూ ఒకటే ఉన్నాయని పట్టుకుంది, అభ్యంతరం చెప్పింది. ఇంకా తక్కువ టైమ్‌లోనే వెళ్లిపోతాం, ఏం కాదు అని కంపెనీ తరఫున ప్రయాణ ఏర్పాట్లు చూసే డిస్పాచర్ సర్దిచెప్పాడని ఆమే తర్వాత వెల్లడించింది. ఆ డిస్పాచర్ కూడా అదే విమానంలో వెళ్లి చనిపోయాడు. విమానాన్ని ఆపే అధికారం తనకు లేదన్నది ఆమె వాదన. ప్రమాదం తర్వాత మాత్రం ఆమె మీద కూడా కేసు పెట్టారు. ఆమె సరిహద్దు దాటి బ్రెజిల్‌లో ఆశ్రయం కోరింది.

ఇది బొలీవియా జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ తనిఖీకి వచ్చినాయన వాచ్‌మన్ బల్ల దగ్గర టీ తాగి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను. లిఫ్ట్ ఎక్కనైనా ఎక్కలేదు. అడిగితే, 'ఆపమని రాస్తే రేపు నన్నే పిలిచి చీవాట్లు పెడతారు సార్' అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు, భయమేసింది. స్కూలు బస్సు ఫిట్‌నెస్ దగ్గర్నుంచి ఆస్పత్రి ఫైర్ ఎన్‌వోసీ దాకా, ప్రతి కాగితం కింద సంతకం పెట్టే చెయ్యి ఇలాంటిదే. తప్పు కనిపెట్టడం దాని పని, ఆపడం మాత్రం దాని చేతిలో లేదు. జరగరానిది జరిగితే మొదట బేడీలు పడేది ఆ చేతికే.

కాబట్టి అడగాల్సింది కొత్త చట్టాలు కాదు, కొత్త కమిటీలు అసలే కాదు. లెక్క తేడా వచ్చినప్పుడు 'ఇది కదలదు' అని రాసే హక్కు, బల్ల దగ్గర కూర్చున్న చిన్న ఉద్యోగికి రాతపూర్వకంగా ఇవ్వాలి. దాన్ని కాదనాలంటే పై అధికారి తన పేరు రాసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. ఆ సాయంత్రం శాంతాక్రూజ్‌లో ఇదొక్కటి ఉండి ఉంటే విమానం ఎక్కడో ఒకచోట ఇంధనం కోసం దిగేది. ఆటగాళ్లు విసుక్కునేవాళ్లు, మెడెలిన్‌కు ఆలస్యంగా చేరి నిద్రపోయేవాళ్లు.