డాట్ ఇన్ ఇంజిన్ మనం కట్టలేమా?

మన దేశపు వెబ్ అడ్రస్‌ల చివర వచ్చే డాట్ ఇన్ (.in) పగ్గాలు అమెరికా కంపెనీ గోడాడీ నుంచి కెనడా కంపెనీ టూకౌస్‌కి వెళ్లడం మంచిదా చెడ్డదా అని బెంగళూరు వైట్‌ఫీల్డ్ క్యాంటీన్లలో మనవాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు. నాకైతే ఆ వాదనే దండగ.

2005లో ఈ అడ్రస్‌ల అమ్మకాలు అందరికీ తెరిచినప్పటి నుంచీ కథ ఒక్కటే. పేరు మీద పెత్తనం కేంద్ర ఐటీ శాఖ కింది నిక్సీ సంస్థది, పేర్ల డేటాబేసూ, ఏ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ సర్వర్లూ చూసుకునేది బయటి కంపెనీ. మొదట ఎఫిలియాస్, 2018 టెండర్‌లో న్యూస్టార్. అసలు తమాషా ఆ తర్వాతే. 2020లో న్యూస్టార్ తన రిజిస్ట్రీ (ఈ పేర్ల చిట్టా నడిపే) వ్యాపారాన్ని గోడాడీకి అమ్మేసింది. మనం పని అప్పగించింది ఒకరికి, తీరా చూస్తే ఇంట్లో ఉన్నది ఇంకొకరు! పైగా గోడాడీ డొమైన్లు (వెబ్ అడ్రస్ పేర్లు) అమ్మే దుకాణం కూడా. గోదాము తాళాలు ఒక దుకాణదారు చేతిలో ఉంటే మిగతా దుకాణాలవాళ్లకు టెన్షన్ ఉండదా? టూకౌస్‌దీ అదే వ్యాపారం.

రిజిస్ట్రీ నడపడం పిల్లలాట కాదు, గంటసేపు తేడా వచ్చినా లక్షల సైట్లు మొరాయిస్తాయి, అనుభవజ్ఞులకే ఇవ్వాలి అంటారు. 2018లో ఆస్ట్రేలియా 31 లక్షల పేర్లను కొత్త ఆపరేటర్‌కి మార్చిన సంగతి గుర్తు చేస్తారు. సరే, అంత సాఫీగా మార్చగలిగినప్పుడు మన చేతికే ఎందుకు మార్చుకోకూడదు?

చెక్ రిపబ్లిక్ మొత్తం జనాభా బెంగళూరు కన్నా తక్కువ. అక్కడి సీజెడ్ డాట్ నిక్ సంస్థ ఫ్రెడ్ అనే రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా రాసుకుని, కోడ్ కూడా అందరికీ ఇచ్చేసింది. టాంజానియా, కోస్టారికా, అల్బేనియా దాన్ని తెచ్చుకుని వాడుకున్నాయి. అవి చిన్న దేశాలంటారా? బ్రెజిల్ 50 లక్షలకు పైగా పేర్లను సొంతంగానే నడుపుతోంది. మనవి 40 లక్షల పైచిలుకు. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఒక్క కంపెనీ బస్సులో వెతికినా ఇలాంటి బ్యాకెండ్ రాసేవాళ్లు దొరుకుతారు (సగం మంది తెలుగువాళ్లే అయ్యుంటారు). చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. స్వదేశీ సాఫ్ట్‌వేర్ అంటే హ్యాంగ్ అవుతుందని నవ్వే మిత్రుడొకాయన, ఆ నవ్వుతూనే టీ డబ్బులు యూపీఐలో కట్టాడు.

ఇంకో సంగతి. తెలుగు లిపిలో డాట్ భారత్ అనే వెబ్ అడ్రస్ ముగింపు మనకుందని ఎంతమందికి తెలుసు? మారతహళ్లిలో తెలుగు బోర్డున్న మెస్సులు కోకొల్లలు. తెలుగు వెబ్ అడ్రస్ ఉన్న మెస్ ఒక్కటి చూపించండి. ఒకవేళ తీసుకున్నా, ఆ అడ్రస్‌తో ఉన్న ఈమెయిల్‌ని చాలా ఆన్‌లైన్ ఫారాలు చెల్లదనేస్తాయి. పేర్లే పెద్దగా అమ్ముడుపోని చోట ఏ కాంట్రాక్టర్ మాత్రం చెమటోడుస్తాడు?

అందుకే నిక్సీ ఒక పని చేయాలి. ఈ కాంట్రాక్టు గడువు తీరేలోగా చిన్న బృందాన్ని కూర్చోబెట్టి, ముందు తెలుగు డాట్ భారత్‌ని సొంత కోడ్ మీద నడిపి చూడాలి. అందులో పేర్లు తక్కువ, చెడితే పోయేదీ తక్కువ. డాట్ ఇన్ వంతు ఆ తర్వాత.