మహారాజశ్రీ ఎమ్మారై గారికి

మహారాజశ్రీ ఎమ్మారై యంత్రం గారి సముఖానికి, తిరుపతిలో తమ తలుపు బయట కాపలా కాసే టెక్నీషియన్లు నమస్కరించి రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి. మే నెల ఎండకు ఇక్కడ మేం మాడిపోతున్నాం. తమరు మాత్రం మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో చల్లగా ఉన్నారని తలుస్తాం.

ఊళ్ళో తమరికి సర్వజ్ఞులని పేరు. పాకాల నుంచీ పుత్తూరు నుంచీ బస్సెక్కి వచ్చి, "నడుముకు తీస్తా ఉండారు కదా సార్, అట్నే తలకాయి కూడా తీసేయండి, ఏముండాదో తేలిపోతాది" అంటారు. తమ గుట్టు మాకు తెలుసు. హిరణ్యకశిపుడికి బ్రహ్మ ఇచ్చినట్టు అడిగిందే ఇస్తారు, అడగంది ఇవ్వరు. చీటీలో "బ్రెయిన్, తలనొప్పి" అని మాత్రమే ఉంటే తలను 5 మిల్లీమీటర్ల మందాన ముక్కలుగా ఫొటోలు తీసి చేతులు దులుపుకుంటారు. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథిలో 4 మిల్లీమీటర్ల గడ్డ ఉంటే ఆ ముక్కల్లో హాయిగా దాక్కుంటుంది. దానికి 2, 3 మిల్లీమీటర్ల పలచటి ముక్కలు కావాలి, కాంట్రాస్టు, అంటే గడ్డలు తేటగా కనపడేందుకు నరంలోకి ఇచ్చే మందు, ఎక్కుతుండగానే వరసగా తియ్యాలి. ఒక్క చెవే వినపడకపోతే ఆ చెవి నరం వెంబడి సన్నగా తియ్యాలి. మూర్ఛలకైతే మెదడులో జ్ఞాపకాల చోటైన హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా తియ్యాలి. డాక్టరు చీటీలో ఒక్క లైను ఎక్కువ రాస్తే అయ్యే పని. ఆ లైనే ఉండదు.

ఇక నడుముల సంగతి. నిజం చెప్పి జనాన్ని హడలగొట్టడంలో తమరి తర్వాతే ఎవరైనా. 1994లో అమెరికాలో నడుం నొప్పే లేని 98 మందిని తమ గొట్టంలో పడుకోబెడితే, 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బి కనిపించింది. ఇలాంటి అధ్యయనాలన్నీ 2015లో కలిపి చూస్తే, నొప్పి లేనివాళ్ళలో 20 ఏళ్ళకే 30 శాతం మందికి ఉబ్బు, 80 ఏళ్ళకు 84 శాతం మందికి. అయినా సరే, అలిపిరి మెట్లు 3550 ఎక్కి వచ్చిన మర్నాడు నడుం పట్టేసిన పెద్దాయనకు "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్", అంటే నడుం కింది పూసల మధ్య అదే ఉబ్బు, తేలుతుంది. ఆ కాగితం చేతికొచ్చాక ఆయన బిందె ఎత్తడు, మనవణ్ణి ఎత్తుకోడు. ఆరు వారాల్లో తగ్గాల్సిన నొప్పికి ఇంట్లో పీట వేసినట్టే.

ఒంటేలు బిగుసుకుపోయి, కూర్చునే చోటంతా తిమ్మిరెక్కి, పాదం ఈడ్చుకుంటూ వచ్చే మనిషికి మాత్రం ఆ రోజే తియ్యాలి. జారిన డిస్కు నరాల కట్టను నలిపేస్తుంటే ప్రతి గంటా లెక్కే. సిఫార్సు ఫోను చేయించుకున్న బల్జులన్నీ అయ్యాక ఆయన వంతు వస్తుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని వెన్నునొప్పి ఉంటే టీబీని అనుమానించాలి. ఇక్కడ మాత్రం తమరికి దండం. పక్కపక్క రెండు పూసలు, మధ్యలో డిస్కు కరిగి, పక్క కండరంలోకి చీము దిగడం స్పష్టంగా చూపిస్తారు. క్యాన్సరు పాకితే సాధారణంగా డిస్కు జోలికి పోకుండా పూసను పట్టుకుంటుంది. ఎక్స్‌రేలో ఇవి తేలేసరికి ఎముక చాలా పోయుంటుంది. తుంటి కీలు బంతికి రక్తం అందక కుళ్ళడమూ అంతే, ఎక్స్‌రే బాగున్నప్పుడే తమరు పట్టేస్తారు.

మూతి వంకరపోయి చెయ్యి పడిపోయిన వాళ్ళ బంధువులు "ఖర్చెంతైనా ఫర్వాలేదు, ఎమ్మారైనే తియ్యండి" అంటారు. రక్తం అందని కణాలు ఉబ్బి, వాటి మధ్య నీటి కదలిక ఆగిపోతే నీటి కదలికను చూపే డిఫ్యూజన్ పటంలో ఆ చోటు తెల్లగా, దాని జంట పటం ఏడీసీలో నల్లగా వస్తుంది. సీటీ స్కాను ఇంకా మామూలుగా కనిపించే తొలి గంటల్లోనే తమరు దీన్ని చూపించగలరు, ఒప్పుకుంటాం. రక్తపు గడ్డను కరిగించే మందుకు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు. రక్తస్రావం లేదని తేల్చడానికి నిమిషాల్లో అయ్యే సీటీ చాలు. తమ అపాయింట్‌మెంటు కోసం కూర్చుంటే గడువు కుర్చీలోనే అయిపోతుంది.

మూర్ఛతో వచ్చినవాళ్ళకు మెదడులో చిన్న ఉంగరం, అందులో ఓ పక్కగా చుక్క కనిపిస్తే అది బద్దెపురుగు పిల్ల. "మేం మాంసమే ముట్టం, మాకెట్లా సార్?" అని పోట్లాడతారు. దాని గుడ్లు మలం అంటిన ఆకుకూరలోనో నీళ్ళలోనో వస్తాయి, ఎవరి ఆచారమూ అడగవు. ఉంగరం 20 మిల్లీమీటర్లు దాటి, గుత్తిలా అతుక్కుని ఉంటే టీబీ గడ్డ వైపు మొగ్గు.

మూత్రపిండంలో రాయి, ఊపిరితిత్తి మచ్చ మాత్రం తమరి పని కాదు. అవి సీటీ గారి ఇలాకా.

మా కష్టం కూడా చిత్తగించండి. కరెంటు పోయినా తమ అయస్కాంతం ఆగదు, ఆ సంగతి తెలియక ఇనుప ఆక్సిజన్ సిలిండరు తోసుకొచ్చేవాళ్ళను తలుపు దగ్గరే ఆపాలి. మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడుకున్న తాయెత్తు తీయించాలి. జరీ చీర కూడా మార్పించాలి, ఆ లోహపు పోగు వేడెక్కి ఒళ్ళు కాలుతుంది. కొండ మీద గుండు కొట్టించుకుని వచ్చిన భక్తులంటే మాకు ప్రాణం, హెయిర్‌పిన్ను వెతికే పని ఉండదు. వెల్డింగు, గ్రైండింగు చేసేవాళ్ళ కంట్లో ఇనుప రజను ఉండొచ్చు, ముందు ఎక్స్‌రే. పేస్‌మేకరుంటే దాని కార్డు చూపించందే తలుపు తియ్యం. కాంట్రాస్టు కిలోకు 0.1 మిల్లీమోల్, అంటే మిల్లీలీటరుకు అర మిల్లీమోల్ ఉండే మామూలు మందు 60 కిలోల మనిషికి 12 మిల్లీలీటర్లు. అంతకుముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. ఇంత చేశాక, తమరు డబడబలాడుతుంటే లోపలాయన తల తిప్పి ఏమంటున్నారో అడుగుతాడు. ఆ ఫొటోల వరస మళ్ళీ మొదలు. "గమ్మున పండుకో సామీ" అని మైకులో అరవడమే మా ఉద్యోగం.

ఇట్లు,
తమ విధేయులు

తా.క. చిత్తూరు వాళ్ళు వేలూరులో తీయించుకున్న పాత ఫిల్ములు బీరువాలో దాచి ఉత్త చేతుల్తో వస్తున్నారు. గడ్డ పెరిగిందా, తగ్గిందా అన్నది పాతది పక్కన పెడితేనే తేలుతుంది. ఫిల్ముతో పాటు సీడీ కూడా తెమ్మని తమరే ఓ మాట చెప్పండి, మా మాట ఎవరూ వినడం లేదు.