పరీక్ష సరే, మర్నాటి మాటేమిటి?

ఈసీజీ కోసం చొక్కా విప్పి బల్ల మీద పడుకున్న పదహారేళ్ల కుర్రాడి ఛాతీకి ఆరు, చేతులకూ కాళ్లకూ నాలుగు, మొత్తం పది తీగలు తగిలిస్తారు. కదలొద్దంటారు. కాసేపటికే గళ్ల కాగితం మీద గీతలు బారులు తీరుతాయి. ఆ గీతల్లో పైకి లేవాల్సిన చిన్న గుట్ట ఒకటి గుంటలా కిందికి దిగి కనిపించిందంటే, డాక్టరు ఇంకోసారి చూస్తారు, ధ్వని తరంగాలతో గుండెను చూసే ఎకో పరీక్ష రాస్తారు, ఆ తర్వాత ఎమ్మారై రాస్తారు. నిన్నటిదాకా అలుపు లేకుండా పరిగెత్తిన పిల్లవాడికి, ఏ నొప్పీ ఆయాసమూ ఎరగనివాడికి, గుండె జబ్బు ఉందని చెప్పాల్సి వస్తుంది. వృత్తి ఫుట్‌బాల్‌లోకి అడుగుపెట్టబోయే కుర్రాళ్లకు గుండె పరీక్షలు తప్పనిసరి చేయాలన్న వాదనతో మాకు పేచీ లేదు. అయితే ఫలితం తేడాగా వస్తే మర్నాటి నుంచి ఆ కుర్రాడి సంగతేమిటన్న ప్రశ్నకు జవాబు రాసుకోకుండానే తీగలు తగిలిస్తున్నారన్నదే మా అభ్యంతరం.

అన్వర్ అలీ ఉదంతం ఇందుకు సాక్ష్యం. 2017లో మన గడ్డ మీద జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో భారత రక్షణశ్రేణిలో ఆడిన ఈ పంజాబ్ కుర్రాడికి, దేశంలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే 2019లో ముంబయి సిటీ క్లబ్బులో ఉండగా గుండె కొన దగ్గరి కండరం మందమయ్యే జబ్బు బయటపడింది. వైద్యపరిభాషలో దాన్ని ఎపికల్ హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. అప్పటికి అతనికి ఇంకా ఇరవయ్యేళ్లు నిండలేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో హాకీ కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, క్రీడావైద్యుడు డాక్టర్ వీస్ పేస్ నేతృత్వంలోని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వైద్యసంఘం ఆట మానేయడమే మేలంది. 2020లో కోల్‌కతా మహమ్మడన్ స్పోర్టింగ్ తరఫున మళ్లీ బూట్లు కట్టబోతే సమాఖ్య అడ్డుచెప్పింది. అన్వర్ ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాడు. తుది నిర్ణయం వెలువడేదాకా ఆడుకునే వెసులుబాటు దక్కించుకున్నాడు. 2022 మార్చిలో బహ్రెయిన్‌పై సీనియర్ జట్టు చొక్కా తొడుక్కున్నాడు. మరో రెండేళ్లకు అతని క్లబ్బు మార్పిడిపై రేగిన తగాదాలో సమాఖ్యకే చెందిన ఆటగాళ్ల హోదా సంఘం 12.90 కోట్ల రూపాయల పరిహారం లెక్కగట్టింది. ఇక ఆడొద్దన్న ఆటగాడి ఖరీదు ఎంతో ఆ సంస్థ గూట్లోనే తేలడం చిత్రమే.

సమాఖ్య వైద్యులు తప్పు చేశారని మేం అనడం లేదు. మైదానంలో కుర్రాడు కుప్పకూలితే నిందలు మోయాల్సింది వాళ్లే కాబట్టి జాగ్రత్త వైపు మొగ్గారు. అన్వర్ ఆడుతున్నాడు కనుక ఆ జబ్బుకు భయపడనక్కర్లేదని ఎవరైనా తీర్మానిస్తే అంతకన్నా ప్రమాదం లేదు. 2003 జూన్ 26న లియోన్‌లో కొలంబియాతో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్ ఆడుతూ, 72వ నిమిషంలో పక్కన ఎవరూ లేని చోట కూలిపోయిన కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయిది కూడా గుండె కండరం మందమయ్యే జబ్బే. అతనికి 28 ఏళ్లు. ఒకే పేరున్న జబ్బు ఒకరిని బలిగొని ఇంకొకరిని ఆడనిస్తున్నదంటే, అందరికీ ఒకే చీటీ రాసిచ్చే పద్ధతి పనికిరాదనే అర్థం.

చిక్కంతా ఇక్కడే ఉంది. సాధన చేసేవాడి గుండె సహజంగానే కొంత పెరుగుతుంది. మామూలు గుండె గోడ మందం 12 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. 13 నుంచి 15 మధ్య ఉంటే అది కసరత్తు ఇచ్చిన బలమో, పుట్టుకతో వచ్చిన జబ్బో చెప్పడం నిపుణులకూ కష్టమే. అలాంటప్పుడు కొన్ని నెలలపాటు ఆట మాన్పించి మళ్లీ కొలుస్తారు. కసరత్తు వల్ల పెరిగిన గోడ అయితే తగ్గుతుంది, జబ్బయితే తగ్గదు. వినడానికి తేలికే. కానీ సెలక్షన్ల సీజన్‌లో మూడు నెలలు ఖాళీగా కూర్చోమంటే పదిహేడేళ్లవాడికి అది ఉద్యోగం ఊడినట్టే. ఆ మూడు నెలలు అకాడమీలో వాడి మంచం వాడికే ఉంటుందా?

పరీక్షల మీద అతి నమ్మకమూ కూడదు. క్రీడాకారులకు గుండె పరీక్షను 1982లోనే చట్టం ద్వారా తప్పనిసరి చేసిన ఇటలీలో, వెనెటో ప్రాంతపు యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు రెండు దశాబ్దాలలో 89 శాతం తగ్గాయని అక్కడి వైద్యులు లెక్కతేల్చారు. పరీక్షలు కావాలనేవారికి అదే కొండంత అండ. ఇంగ్లండ్ అనుభవం మాత్రం కాస్త చేదుగా ఉంది. అక్కడి ఫుట్‌బాల్ సంఘం 1996 నుంచి 2016 వరకు సగటున పదహారేళ్ల వయసున్న 11,168 మందిని ఈసీజీతో, ఎకోతో పరీక్షించింది. ప్రాణం తీయగల లోపాలు 42 మందిలో దొరికాయి. ఆ తర్వాతి ఏళ్లలో గుండె ఆగి ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ఆరుగురి పరీక్షలు ఏ తేడా లేకుండా వచ్చినవే. మిగిలిన ఇద్దరి లోపాన్ని పరీక్ష పట్టుకుంది, అయినా ప్రాణం దక్కలేదు. కండరం మందమయ్యే జబ్బులు వయసు వచ్చాక బయటపడేవి కూడా కాబట్టి, పదహారేళ్లప్పుడు ఒకసారి చూసి వదిలేస్తే చాలదు. టోటెన్‌హామ్ మైదానంలో 2012 మార్చి 17న 78 నిమిషాలపాటు గుండె ఆగిన బోల్టన్ క్లబ్బు ఆటగాడు ఫాబ్రిస్ ముయాంబా కూడా అంతకుముందు పరీక్షలు దాటినవాడే. అతణ్ని బతికించింది ఛాతీ నొక్కిన చేతులు, విద్యుత్ షాకు, ప్రేక్షకుల్లోంచి పరిగెత్తుకొచ్చిన ఒక గుండె వైద్యుడు. షాకు ఇచ్చే పెట్టె మన మైదానాల్లో ఎక్కడుందో, ఆదివారం పొద్దున ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో కోచ్‌కు తెలియకపోతే ఈసీజీలు ఎన్ని తీసినా లోటు లోటే.

వైద్యుల ఆలోచన కూడా ఒకచోట ఆగిపోలేదు. ఒకప్పుడు గుండె కండరం మందమయ్యే జబ్బు పేరు వినగానే పోటీ క్రీడలకు స్వస్తి చెప్పించేవారు. యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం 2020లో ఆ పట్టు సడలించింది. ముప్పు తక్కువని తేలినవారి విషయంలో ఒక్కొక్కరినీ విడిగా అంచనా వేసి, ఆటగాడితో కలిసి నిర్ణయించాలంది. అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ 1,660 మందిని గమనించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జబ్బున్నవారిలో గట్టిగా వ్యాయామం చేసేవారికి, చేయనివారికి మధ్య ప్రాణాపాయ ఘటనల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వ్యాయామమూ, తొంభై నిమిషాల లీగ్ మ్యాచ్ ఒకటి కాదు. పైగా ‘కలిసి నిర్ణయించడం’ అన్నమాట కాగితం మీద ఎంత బాగున్నా, తెలుగు తప్ప మరో భాష రాని తల్లిదండ్రుల ముందు పది పేజీల ఇంగ్లిష్ పత్రం పెట్టి సంతకం చేయించుకుంటే అందులో కలిసిందీ లేదు, నిర్ణయించిందీ లేదు.

మనవాళ్లకు ఈ విషయం దూరపు సంగతి కాదు. గుండె కండరంలోని ఒక ప్రోటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించడం దక్షిణాసియా ప్రజల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని, దానికి గుండె కండర జబ్బులతో సంబంధం ఉందని 2009లో వెల్లడించిన పరిశోధనలో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలదే ప్రధాన పాత్ర. ఆ లోపం ఉన్నవారిలో చాలామందికి నడివయసు దాకా ఏ ఇబ్బందీ రాదు కనుక కంగారు పడాల్సింది లేదు, అలాగని పక్కన పెట్టాల్సిన సమాచారమూ కాదు. అనంతపురంలో పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే అకాడమీ నుంచి గచ్చిబౌలి సెలక్షన్ల దాకా, కోచ్‌లు పైసా ఖర్చులేకుండా అడగగలిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పరిగెత్తుతూ ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డావా? మీ ఇంట్లో నలభై ఏళ్లు దాటకుండా హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా? ‘మేనమామ నిద్రలోనే పోయాడు’ అనో, ‘అక్కకు మూర్ఛ, మందులకు తగ్గలేదు’ అనో వచ్చే జవాబులు గుండె డాక్టరు చెవిన పడాల్సినవి. పల్లెల్లో వీటిని గాలి సోకిందనో దిష్టి అనో కొట్టిపారేస్తున్నారు. అలాగే, చెబితే జట్టులోంచి తీసేస్తారన్న భయంతో పిల్లలు దాచేస్తున్నారు. ఆ భయం పోనంతకాలం ప్రశ్నావళికి నిజాయతీగల జవాబు రాదు.

భయం పోవాలంటే ఆసరా కనిపించాలి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ స్వర్ణం మెడలో వేసుకుని ఇంటర్ మిలాన్‌లో చేరిన నైజీరియా ఆటగాడు న్వాంక్వో కనుకు చేరికప్పటి పరీక్షల్లోనే బృహద్ధమని కవాటంలో లోపం కనబడింది. క్లబ్బు వదిలేయలేదు. అదే ఏడాది నవంబరులో అమెరికాలో శస్త్రచికిత్స జరిగింది, మరుసటి ఏడాది అతను మళ్లీ ఆడాడు, తర్వాత ఆర్సెనల్‌లో వెలిగాడు. కను అప్పటికే పేరున్నవాడు. పేరు రాని కుర్రాళ్లకు, హైకోర్టు దాకా వెంట నడిచే మనుషులు లేనివారికి అదే అండ నిబంధనగా దొరకాలి. రెండో నిపుణుడి అభిప్రాయం ఖర్చు అకాడమీ భరించాలి. ఫలితం తేలేదాకా వసతి, భోజనం, చదువు సాగాలి. ఆడకూడదని తేలితే కనీసం రెండేళ్ల ఉపకారవేతనం, కోచింగ్ లైసెన్సుకో రిఫరీ శిక్షణకో దారి చూపాలి. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్షలు చేయించాలి, ఎందుకంటే ఈ జబ్బుల్లో చాలావరకు వంశపారంపర్యమే. ఇవన్నీ కుర్రాణ్ని చేర్చుకునే రోజు ఒప్పందంలోనే, తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థలు, ఫుట్‌బాల్ సంఘాలు ఈ షరతు లేని అకాడమీలకు గుర్తింపు ఇవ్వకూడదు. రిపోర్టు కవరు చేతిలో పెట్టి కుర్రాణ్ని ఒంటరిగా ఊరి బస్సెక్కించే పద్ధతి ఎక్కడున్నా అది ఈ సీజన్‌తోనే ఆగిపోవాలి.