చప్పట్లు కొట్టేవాళ్లు చాలు, టైం రాసేవాళ్లు కావాలి

బోచ్చా అనే ఆట ఉంది. తోలు బంతులను ఒక తెల్ల బంతికి వీలైనంత దగ్గరగా చేర్చాలి. చేత్తో విసరలేనంత తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లు బంతిని ర్యాంప్ మీద నుంచి దొర్లిస్తారు. ఆ ర్యాంప్‌ను జరిపి పెట్టడానికి పక్కన ఒక సహాయకుడు ఉంటాడు. అతను కోర్టుకు వీపు పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరిగి ఆట చూడకూడదు. ఆటగాడు ఎడమకు అంటే ఎడమకు, కాస్త పైకి అంటే పైకి జరపాలి. చేతులే అతనివి, ఏ నిర్ణయమూ అతనిది కాదు.

వైకల్యం ఉన్నవారి స్పోర్ట్స్ డేకి వాలంటీర్లుగా వచ్చేవాళ్లకు అన్నిటికంటే ముందు ఈ నియమం చెప్పాలి. మనలో చాలామందిమి అక్కడికి ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన మనసుతో వెళ్తాం.

నేనూ అలాగే వెళ్లాను. మొదటిసారి నాకు 50 మీటర్ల వీల్‌చెయిర్ పరుగు దగ్గర పని ఇచ్చారు. చివర్లో ఒక కుర్రాడి చేతులు అలిసిపోయాయి, కుర్చీ పక్కకు లాగేస్తోంది. పరుగెత్తుకెళ్లి వెనక నుంచి తోసేశాను. జనం ఒకటే చప్పట్లు. అతను మాత్రం నావైపు చూడలేదు. కాసేపయ్యాక నేనిచ్చిన నీళ్ల బాటిల్ తీసుకుని, "ఇప్పుడు నా టైం ఎంతని రాస్తారన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వారాల తరబడి ప్రాక్టీస్ చేసిన పరుగు లెక్కలోకి రాకుండా చేసింది నేనే.

1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఒక విలువిద్య పోటీ పెట్టారు. గాయపడి వీల్‌చెయిర్‌కు పరిమితమైన 16 మంది మాజీ సైనికులు, స్త్రీలూ పురుషులూ, అందులో బాణాలు వేశారు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు ఇక మంచమే గతి అనుకున్న కాలమది. పన్నెండేళ్లకు, 1960లో, రోమ్‌లో 23 దేశాల నుంచి 400 మంది పోటీ పడ్డారు. దాన్నే మనం తొలి పారాలింపిక్స్ అంటున్నాం. ఆయన వాళ్లను ఓదార్చి ఊరుకోలేదు, ఎదురుగా ఒక గురి పెట్టి పాయింట్లు లెక్కపెట్టారు. గురి తప్పిన బాణాన్ని తప్పిందనే రాయడం కూడా గౌరవమే.

అందుకే 'వచ్చినవాళ్లందరికీ ఫస్ట్ ప్రైజ్' అనే పద్ధతి నాకు నచ్చదు. సరదాగా గడపడానికి వచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్లకు పోటీ అక్కర్లేదు, అది వాళ్లనే అడిగి తెలుసుకోవచ్చు. కానీ గెలవాలని వచ్చినవాళ్లకు కావలసింది సరైన ప్రత్యర్థి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులను వయసు, స్త్రీ పురుష భేదం, సామర్థ్యం చూసి గ్రూపులు చేస్తారు. ముందు చిన్న పరీక్ష పెట్టి, దాదాపు సమానంగా ఆడేవాళ్లను ఒకచోట చేరుస్తారు. ఇదంతా కాగితాలు, స్టాప్‌వాచ్‌లు, చెమటతో కూడిన పని. ఆ బల్ల దగ్గరికి ఫొటోలు తీసేవాళ్లు రారు. మంచి వాలంటీర్ల కొరత మాత్రం ఎక్కువగా అక్కడే.

చప్పట్లు కూడా ఒక్కోసారి అడ్డమే. చూపులేనివాళ్ల ఆట గోల్‌బాల్‌లో అందరూ కళ్లకు గంతలతో, బంతిలోని గంటల చప్పుడు విని ఆడతారు. ఆట నడుస్తున్నంతసేపూ ప్రేక్షకులు నోరు మెదపకూడదు. చూపులేని రన్నర్‌తో చేతితాడు పట్టుకుని పరుగెత్తే గైడ్ అతన్ని ముందుకు లాగకూడదు, గీతను అతనికంటే ముందు దాటకూడదు. వినికిడి లేనివాళ్లకు విజిల్ ఊది 'స్టార్ట్' అంటే ఏం లాభం? జెండానో లైటో కావాలి. ఆటిజం ఉన్న పిల్లలకు మైకు హోరు భరించలేనిది కావచ్చు, కాస్త దూరంగా ఒక నిశ్శబ్దమైన గది ఉంటే మేలు. వెన్నెముక పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు ఆ కింద శరీరానికి సరిగ్గా చెమట పట్టదు. ఎండలో వాళ్ల ఒంట్లో వేడి ప్రమాదకరంగా పెరిగిపోతుంది, నీడ, తడిగుడ్డ సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ ముందురోజు రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పగలిగినవే. చాలాచోట్ల ఆ రెండు గంటలు ఉండవు. టీషర్ట్, టోపీ ఇచ్చి, నవ్వుతూ ఉండమని చెప్పి గ్రౌండ్‌లోకి పంపేస్తారు.

నన్ను ఇంకా బాధపెట్టేది మరొకటి. విజిల్, మైకు, స్కోరు బల్ల, అన్నీ వైకల్యం లేనివాళ్ల చేతుల్లోనే ఉంటాయి. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి స్కోరర్‌గా ఎందుకు ఉండకూడదు? వైకల్యం ఉన్నవారి హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికలోని 30వ అధికరణ, వాళ్లకు క్రీడల్లో పాల్గొనడమే కాదు, వాటిని నిర్వహించే అవకాశమూ ఉండాలంటోంది. ఏడాదికోసారి జరిగే పండుగలో ఆ మాట ఎక్కడా వినిపించదు. మర్నాటి నుంచి అదే మైదానం గేటు దగ్గర మెట్లు మళ్లీ మెట్లుగానే ఉంటాయి.

మరుసటి ఏడాది నేను స్టాప్‌వాచ్ అడిగి తీసుకున్నాను. ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. కుర్చీ మళ్లీ పక్కకు లాగింది. నేను గీత దగ్గరే నిలబడ్డాను. అందరికంటే ఆఖరున చేరాడు. ఊపిరి తిప్పుకుని బల్ల దగ్గరికొచ్చి, కాగితంలో తన టైం వెతుక్కున్నాడు. చివరి అంకె సరిగ్గా కనబడటం లేదని నాచేత మళ్లీ రాయించాడు.