అరుగు మూసేశాక అది పాతిల్లు ఎలా అవుతుందండీ?

మాది యానాం. పాండిచ్చేరి మా రాజధాని, పనులమీద వెళ్తూనే ఉంటాం, ఎప్పుడూ బస్టాండ్ దగ్గర లాడ్జిలో పడుకుని తిరిగొచ్చేయడమే. ఈసారి పెళ్లిరోజు కలిసొచ్చిందని మా ఆవిడ పట్టుబడితే ఊరి మధ్య కాలవకి పడమటి వైపు, తమిళుల వీధుల్లో, పాతింటిని బాగుచేసి పెట్టిన చిన్న హోటల్లో రెండ్రోజులు దిగాం.

ఇల్లు మాత్రం ఎంత బాగుందో! మండువా చుట్టూ టేకు స్తంభాలు, పైన పెంకు, అద్దంలా మెరిసే సున్నం గోడలు, మిట్టమధ్యాహ్నం కూడా ఏసీ వేయాలనిపించలేదు. మా అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు.

కానీ వీధరుగు ఏదీ? గ్లాసు బిగించి, లోపల సోఫాలేసి లాంజ్ చేసేశారు. బయట మిగిలిన మెట్టు మీద పూలమ్మే పెద్దావిడ బుట్ట దించుకుంటే సెక్యూరిటీ అబ్బాయి లేపేశాడు, ఆవిడ కిక్కురుమనకుండా బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తమిళులు తిన్నై అంటారు, మనం అరుగంటాం. అది ఇంటాయన డబ్బుతో కట్టినా దారినపోయేవాడు కూచోడానికే కట్టింది. బీచ్ వైపు ఫ్రెంచి వాళ్ల వీధుల్లో చూడండి, ఎత్తు ప్రహరీ, పెద్ద గేటు, లోపలెక్కడో తోట. ఇటు తమిళుల ఇల్లేమో వీధిలోకే వచ్చి కూచుంటుంది. అరుగు మూస్తే రెండూ ఒకటే అయిపోయాయిగా!

హోటళ్లు వద్దని నేననట్లేదు. ఉప్పుగాలికీ వానలకీ పాతిళ్లు నిలబడాలంటే డబ్బు కావాలి, 2014 నవంబర్ వానలకి బీచ్ రోడ్డు మీద మునిసిపాలిటీ వాళ్ల మేరీ బిల్డింగే కూలిపోయింది, మళ్లీ కట్టి 2021లో తెరిచారు, ఇంక మామూలు కుటుంబాల వల్ల ఏమవుతుంది? అన్నదమ్ములు పంచుకోలేక అమ్మేస్తే అక్కడ అపార్ట్‌మెంటే లేస్తుంది, హోటలైతే ఇల్లన్నా మిగులుతుంది. అయితే ఆ ఊళ్లోనే వైశ్యాళ్ వీధిలో, పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థ వాళ్లు పూనుకుని ఇళ్ల ముందుభాగాలు వరసగా బాగుచేయించారు, 2008లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. వీధి వైపు రూపం నిలబెట్టడం కుదరదు అనడానికి లేదు కదా.

ఖాళీ చేసేరోజు మేనేజర్‌తో ఇదంతా చెప్పాను. గెస్టుల ప్రైవసీ కోసం సార్ అన్నాడు. గెస్టుని నేనే కదా బాబూ, నాకొద్దు ఆ ప్రైవసీ, గ్లాసు తీసేసి ఆవిణ్ణి కూచోనివ్వండి అన్నాను. రాసుకున్నాడు. మళ్లీ వెళ్లినప్పుడు ఆ వీధిలోకే వెళ్లి చూసొస్తాను.