టన్నులు తర్వాత చెప్పండి, ముందు శాంపిల్ చూపించండి

2020 ఫిబ్రవరిలో రెండు మూడు రోజుల పాటు టీవీల్లో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లా పేరు మార్మోగింది. అక్కడి కొండల్లో మూడు వేల టన్నులకు పైగా బంగారం ఉందని గనుల శాఖ అధికారుల మాటగా వార్త పుట్టింది. దేశం దగ్గరున్న బంగారు నిల్వలకు అది అయిదు రెట్లని లెక్కలు వేశారు. ఫిబ్రవరి 22న జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) ప్రకటన ఇచ్చాక గానీ ఆ సంబరం ఆగలేదు. వాళ్ల అంచనా ప్రకారం అక్కడున్నది 52,806.25 టన్నుల ముడి ఖనిజం, అందులో టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారం. గుణిస్తే వచ్చేది 160 కిలోలు. ప్రచారానికీ లెక్కకూ మధ్య దాదాపు ఇరవై వేల రెట్ల తేడా.

అందరూ నవ్వుకుని మర్చిపోయారు. నన్ను మాత్రం ఆ రెండో అంకె ఇప్పటికీ వదల్లేదు. నిన్న మూడు వేల టన్నులను నమ్మినవాళ్లే ఇవాళ 160 కిలోలను కూడా అంతే హాయిగా నమ్మేశారు. ఎన్ని చోట్ల డ్రిల్లింగ్ చేశారు, ఎన్ని శాంపిళ్లు తీశారు, ఏ ల్యాబ్‌లో పరీక్షించారు అని ఒక్క యాంకర్ అడిగితే ఒట్టు. భూమి లోపలి ఖనిజానికి పావు టన్ను వరకు లెక్క చెబుతుంటే, ఆ పావు టన్ను ఎక్కడిదని కూడా ఎవరికీ అనుమానం రాలేదు. జీఎస్ఐ అంకె తప్పని నేను అనడం లేదు. అది తప్పో ఒప్పో తేల్చుకునే ఆధారం ఆ వార్త చదివిన వాళ్ల చేతిలో లేదంటున్నాను. రాయి ఎక్కడిది, ఎవరు తీశారు, ఎలా తీశారు, దారిలో ఎవరి చేతులు మారింది అన్న చిట్టా జతచేయకుండా బంగారం అంకెను ప్రకటించే హక్కు ఇక ప్రభుత్వానికైనా కంపెనీకైనా ఉండకూడదు.

ఇంత పట్టుదల ఎందుకో అర్థం కావాలంటే చిన్న లెక్క చూడాలి. టన్నుకు 3 గ్రాములంటే పది లక్షల పాళ్లలో మూడు పాళ్లు. ల్యాబ్‌లో పరీక్షకు మూసలో వేసేది సాధారణంగా 30 గ్రాముల రాతిపొడి, మహా అయితే 50. ఆ 30 గ్రాముల్లో ఉండాల్సిన బంగారం 90 మైక్రోగ్రాములు. ఇప్పుడు మిల్లీమీటరులో అయిదో వంతు వ్యాసం ఉన్న ఒక గుండ్రటి బంగారు రేణువును ఊహించుకోండి. అదొక్కటే దాదాపు 80 మైక్రోగ్రాములు తూగుతుంది. ఆ రేణువు పొడిలోకి వస్తే ఫలితం టన్నుకు 2.7 గ్రాములకు దగ్గర్లో ఉంటుంది, రాకపోతే సున్నాకు దగ్గర్లో. ఒకే బస్తా రాయి నుంచి రెండు ఫలితాలు, రెండూ నిజాయితీగా వచ్చినవే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పేయొచ్చు, ఎందుకంటే కుండలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి. బంగారం విషయంలో ఆ సామెత పనికిరాదు. తెల్ల పలుగురాయి పాయలో అది ఒకచోట పోగుపడి ఉంటుంది, జానెడు పక్కకు జరిగితే ఏమీ ఉండదు. గనుల వాళ్లు దీన్ని నగెట్ ఎఫెక్ట్ అంటారు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పియర్ గీ దశాబ్దాల పాటు ఈ తలనొప్పి మీదే పనిచేసి, శాంపిల్‌లో వచ్చే పొరపాటుకు ఒక సిద్ధాంతం కట్టాడు. దాని ప్రకారం రాతి ముక్కల సైజు రెట్టింపైతే, ఫలితం మీద అదే నమ్మకం నిలవాలంటే శాంపిల్ బరువు సుమారు ఎనిమిది రెట్లు పెరగాలి. పిడికెడు రాళ్లు ఏరి ల్యాబ్‌కు పంపి, వచ్చిన అంకెను కొండంతటికీ వర్తింపజేయడం ఎంత పెద్ద సాహసమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ల్యాబ్ పరీక్ష మీద నాకు ఫిర్యాదు లేదు. రాతిపొడిని కాల్చి బంగారాన్ని వేరుచేసి తూచే ఫైర్ అస్సే చాలా పాత విద్య, ఇప్పటికీ దాన్ని కొట్టే పద్ధతులు తక్కువ. రాతిపొడిలో సీసపు ఆక్సైడ్, బోరాక్స్, సోడా, కాస్త పిండి కలిపి వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. కరిగిన సీసం బంగారాన్నీ వెండినీ పోగుచేసుకుని అడుక్కి చేరుతుంది. ఆ సీసపు గుండును ఎముక బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన చిన్న గిన్నెలో మళ్లీ కాలిస్తే సీసాన్ని గిన్నె పీల్చేసుకుంటుంది, చిన్న పూస మిగులుతుంది. నైట్రిక్ యాసిడ్‌తో వెండిని కరిగిస్తే మిగిలేది బంగారం. పుటం పెట్టడం తెలిసిన మన స్వర్ణకారులకు ఇందులో సగం పాత సంగతే. కాకపోతే ఈ పరీక్ష మూసలో పడ్డ 30 గ్రాముల గురించే చెబుతుంది. ఆ 30 గ్రాములు ఏ కొండవో, కొండకు అవి నిజంగా ప్రతినిధులో కాదో దానికి తెలియదు.

మోసాలు జరిగేదీ, అంతకన్నా ఎక్కువగా ఆత్మవంచన జరిగేదీ మూసకు ముందే. ఫీల్డుకు వెళ్లిన మనిషి చెయ్యి బంగారం ఉండొచ్చనిపించే తుప్పు రంగు పలుగురాయి మీదికే వెళ్తుంది, ఎంత సీనియర్ అయినా అంతే. అలా ఏరుకొచ్చిన రాయి అక్కడ బంగారం ఉందని మాత్రమే చెప్పగలదు, ఎంతుందో చెప్పలేదు. పాయకు అడ్డంగా ఒకే వెడల్పు, ఒకే లోతులో గాడి కోసి శాంపిల్ తీస్తే కొంత మేలు. అక్కడా మెత్తటి రాయి త్వరగా ఊడొస్తుంది, గట్టి రాయి మొండికేస్తుంది, వాటా తేడా వస్తుంది. డ్రిల్లింగ్‌లో వచ్చిన రాతి కడ్డీని నిలువునా రెండుగా కోసి, ఒక సగం ల్యాబ్‌కు పంపి, రెండో సగాన్ని పెట్టెల్లో భద్రపరచాలి. ఎవరికైనా అనుమానం వస్తే తీసి మళ్లీ పరీక్షించుకునే సాక్ష్యం ఆ రెండో సగమే.

ఆ సగం లేకపోతే ఏమవుతుందో కెనడా మదుపరులను అడగాలి. కాల్గరీకి చెందిన బ్రీ-ఎక్స్ అనే చిన్న కంపెనీ 1990ల మధ్యలో ఇండోనేసియాలోని తూర్పు కాలిమంతన్ అడవుల్లో, బుసాంగ్ అనే చోట ప్రపంచంలోనే అతి పెద్ద బంగారు నిక్షేపాల్లో ఒకటి దొరికిందని చెప్పింది. అంచనా పెరుగుతూ పెరుగుతూ ఏడు కోట్ల ఔన్సులు దాటింది. పైసల్లో ఉన్న షేరు ఎగిరి కంపెనీ విలువ సుమారు 600 కోట్ల కెనడా డాలర్లకు చేరింది. పెన్షన్ ఫండ్లూ కొన్నాయి. శాంపిళ్లు పరీక్షించిన ల్యాబ్ నిజాయితీగానే పనిచేసింది, తన మూసలో పడినదాన్ని సరిగ్గానే కొలిచింది. ఆ మూసలోకి వచ్చిన పొడిలో ఎవరో ముందే బంగారం కలిపారు. డ్రిల్లింగ్ జరిగిన చోటుకూ ల్యాబ్‌కూ మధ్య ఉన్న దారిలో ఆ పని జరిగింది.

దాన్ని దాచిన తీరు చూడండి. బ్రీ-ఎక్స్ రాతి కడ్డీలను సగానికి కోయలేదు. మొత్తం కడ్డీని పిండి కొట్టేసింది. ఎందుకని అడిగితే వాళ్లు చెప్పిన కారణం శాస్త్రీయమే: ఇక్కడ బంగారం ముతక రేణువులుగా ఉంది, శాంపిల్ ఎంత పెద్దదైతే ఫలితం అంత నమ్మకంగా ఉంటుంది. పైన నేను చెప్పిన లెక్కే అది. నిజమైన సూత్రాన్ని అడ్డం పెట్టుకుని సాక్ష్యాన్ని మాయం చేశారు. 1997 మార్చిలో అక్కడి జియాలజిస్టు మైకేల్ డి గజ్మన్ హెలికాప్టర్ నుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, అంతకుముందే భాగస్వామిగా చేరిన అమెరికా గనుల కంపెనీ ఫ్రీపోర్ట్, బ్రీ-ఎక్స్ తవ్విన రంధ్రాల పక్కనే తాను తవ్వి చూస్తే చెప్పుకోదగ్గ బంగారం లేదని తేల్చింది. మే నెలలో స్ట్రాత్‌కోనా అనే స్వతంత్ర సంస్థ నివేదిక మోసాన్ని ఖాయం చేసింది. పొడిలో కనిపించిన బంగారు రేణువులు నదుల్లో దొర్లి అంచులు అరిగిన రకం. రాయిలో పుట్టిన బంగారం అలా ఉండదు. రేణువుల గుండ్రటి ఆకారం ముందే కొందరి కంటపడింది, దానికీ ఒక సర్దుబాటు వివరణ దొరికింది. షేరు పెరుగుతున్నప్పుడు వివరణలకు కొరత ఉండదు కదా.

కెనడా ఆ దెబ్బ నుంచి నేర్చుకుంది. 2001లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్ 43-101 నిబంధనలు తెచ్చి, శాంపిల్ ఎలా తయారైంది, ఎలా భద్రపరిచారు, డేటాను ఎవరు సరిచూశారు అన్నవి అర్హత గల నిపుణుడి సంతకంతో బయటపెట్టాలంది. ఖనిజ నిల్వలను ఎలా ప్రకటించాలో చెప్పే ఆస్ట్రేలియా జార్క్ కోడ్‌లోని టేబుల్ 1 మొదలయ్యేదే శాంప్లింగ్ పద్ధతులతో. ఏదైనా వివరం ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో రాయాలని 2012 సవరణ చెబుతోంది. మన దగ్గర 2015 నాటి ఖనిజ సాక్ష్యాధార నియమాలున్నాయి, అన్వేషణను జీ4 (తొలి పరిశీలన) నుంచి జీ1 (పూర్తి వివరాల అన్వేషణ) వరకు దశలుగా విడగొట్టారు. కాగితం మీద అంతా పద్ధతిగానే ఉంది. మైకు ముందుకొచ్చేసరికి ఆ దశలు మాయమవుతాయి. 2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీర్‌లోని రియాసిలో 59 లక్షల టన్నుల లిథియం అన్నారు. అది జీ3 దశ అంచనా అనీ, ఆ టన్నులు లోహానివి కాదు ఖనిజానివనీ ఎంతమందికి చేరింది? వేలానికి పెడితే కావాల్సినన్ని బిడ్లు రాక 2024లో రద్దు చేయాల్సి వచ్చింది. డబ్బు పెట్టేవాళ్లు శాంపిల్ గురించి అడుగుతారు, హెడ్‌లైన్ చూసి చెక్కు రాయరు.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లున్నారు. డేటా మొత్తం బయటపెడితే పోటీదారులకు అప్పనంగా అప్పజెప్పినట్టవుతుంది, చిన్న కంపెనీలకు ఖర్చు, జనానికి ముడి అంకెలు అర్థం కాక కొత్త పుకార్లు పుడతాయి అంటారు. జీఎస్ఐ సమాచారం కోసం 2023 చివర్లో జాతీయ పోర్టల్ కూడా పెట్టారు కదా అంటారు. పోర్టల్ మంచిదే. నేనడిగేది ప్రకటన వెలువడే రోజున, ప్రకటనతో పాటే ఒక పేజీ. కంపెనీ రహస్యం కాపాడుకోవాలంటే అంకెను కూడా రహస్యంగానే ఉంచుకోవచ్చు. అంకె మాత్రం ఊరంతా చాటి, ఆధారం దగ్గర గుట్టు అంటే కుదరదు. ఇక పుకార్లంటారా, సోన్‌భద్ర పుకారు డేటా ఎక్కువై పుట్టలేదు.

మన కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు కంపెనీ చేతిలో బంగారు గని రూపుకట్టింది. అశోకుడి శాసనాల్లోని సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం, ఎర్రగుడి శాసనాలు ఆ దగ్గర్లోనే ఉన్నాయి. తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం జనం దిగుతారు. ఏటా జూన్‌లో ఫలానా రైతుకూలీకి వజ్రం దొరికిందని వార్త వస్తుంది. రోజంతా నడుం వంచి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లిన వేల మంది గురించి వార్త రాదు. కంపెనీలు బాగా పండిన రంధ్రం గురించి ప్రకటన ఇచ్చి, ఎండిపోయిన పది రంధ్రాలను ఫైల్లో ఉంచడం కూడా ఇలాంటిదే. అందుకే ఆ పేజీలో మొదటి గడి తవ్విన రంధ్రాలన్నిటి జాబితా కావాలి, ఫలితం సున్నా వచ్చినవాటితో సహా. రెండోది బంగారం లేని రాయి, బంగారం ముందే తెలిసిన రాయి, ఒకే శాంపిల్ రెండుసార్లు, ఇలా ల్యాబ్ పనిని సరిచూడటానికి దానికి చెప్పకుండా కలిపి పంపిన పరీక్ష శాంపిళ్ల ఫలితాలు. మిగిలిన సగం కడ్డీలు ఏ షెడ్డులో ఉన్నాయో చిరునామా కూడా రాయాలి. రామగిరి, చిగురుకుంట గనులు చూసిన రాయలసీమకు ఈ మాత్రం అడిగే హక్కుంది.

శాంపిల్ గొడవ బంగారంతో ఆగదు. సామాన్యుడి బతుకు మీద తీర్పు చెప్పే చాలా అంకెల వెనుక ఎవరో తీసిన పిడికెడు శాంపిలే ఉంటుంది. 2015లో మొదలైన భూసార కార్డుల పథకం మొదటి విడతల్లో మాగాణిలో రెండున్నర హెక్టార్లకు ఒక శాంపిల్, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. అనంతపురం మెట్టలో ఆ పాతిక ఎకరాల్లో ఎర్ర నేలా ఉండొచ్చు, నల్లరేగడీ ఉండొచ్చు. కార్డు మీద మాత్రం రైతు పేరు, సర్వే నంబరు, ఫలానా పోషకం ఇంత అని అంకె. అది పక్క రైతు పొలంలో తీసిన మట్టి ఫలితం కావచ్చని కార్డు చూస్తే తెలిసేదెలా? ఫసల్ బీమా నిబంధనల్లో గ్రామ పంచాయతీ యూనిట్ అయితే ప్రధాన పంటకు కనీసం నాలుగు పంటకోత ప్రయోగాలు (ఎంచిన మడిలో పంట కోసి దిగుబడి తూచడం) చాలు. ఆ నాలుగు మడులు ఎక్కడ పడ్డాయన్న దాని మీద ఊరందరి పరిహారం ఆధారపడుతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా లేదా అన్నది మీటరులో పోసిన గుప్పెడు గింజలు తేలుస్తాయి. కుప్ప పైనుంచి తీశారా, అడుగు నుంచి తీశారా అని రైతు అడిగితే టెన్షన్ పెట్టకు, పక్కకు జరుగు అంటారు.

గని కంపెనీ నుంచి శాంపిల్ చిట్టా రాబట్టలేని సమాజం కొనుగోలు కేంద్రంలో దాన్ని ఎలా రాబడుతుంది? నా దృష్టిలో రెండూ ఒకే పోరాటం. పంటకోత ప్రయోగాల వివరాలు ఇప్పుడు ఫోన్ యాప్‌లో ఫొటోలతో, లొకేషన్‌తో సహా నమోదవుతున్నాయి. వాటిని పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు. ఖనిజ బ్లాకుల వేలం నోటీసుతో పాటు తెలుగులో ఒక పేజీ శాంపిల్ వివరం ఆ బ్లాకు కిందికొచ్చే ఊళ్ల గ్రామసభలో చదివి వినిపించడానికి కూడా అంతకన్నా ఎక్కువేమీ అక్కర్లేదు. రాష్ట్ర గనుల శాఖ వచ్చే వేలంతోనే ఆ పని మొదలుపెట్టొచ్చు.