దుష్టుడి ఓర్పుకో దండం

ఓర్పు అనగానే మనవాళ్ళు భూదేవి పేరు చెప్తారు. తప్పు లేదు. కానీ ఆ వరసలో ఇంకొకరికి చాప వెయ్యాల్సిన సమయం వచ్చిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. కంప్యూటర్‌లో మనమే ఒక పాత్రగా మారి ఆడే పెద్దపెద్ద కథల రోల్ ప్లేయింగ్ గేముల్లో చివరి మెట్టు మీద ఒక దుష్టుడు నిలబడి ఉంటాడు. ఒంటి మీద నల్ల కవచం, చేతిలో లోకాన్ని ఈ సాయంత్రానికే ముగించగల సరంజామా. అన్నీ సిద్ధం. అడ్డుపడాల్సిన వీరుడు మాత్రం ఇంకా రాలేదు. రాలేదు కదా అని ఆయన పని కానిచ్చెయ్యడు. ఆగుతాడు. తొంభై గంటలకు పైగా నేను ఒకాయన్ని అలా నిలబెట్టాను. ఒక్క కబురైనా పంపలేదు మహానుభావుడు.

ఈ సంప్రదాయం నిన్నమొన్నటిది కాదు. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 చూడండి. ఆకాశం నిండా ఎర్రగా మండుతూ ఒక ఉల్క వేలాడుతుంటుంది. ఇంకో ఏడు రోజుల్లో మీద పడుతుందని ఒక పెద్దాయన లెక్కగట్టి మరీ చెప్తాడు. అది విన్న వీరుడు ఏం చేస్తాడు? చొకోబోలని పెద్ద పక్షులుంటాయి, వాటికి సంబంధాలు కుదిర్చి పిల్లల్ని పెట్టిస్తాడు. బంగారు రంగు పిల్ల పుట్టేదాకా ఆ యజ్ఞం ఆగదు. మధ్యలో వాటిని పందేలకు తీసుకెళ్ళాలి, గెలిపించాలి. ఉల్కను రప్పించిన సెఫిరోత్ ఇదంతా సహించాడు. ఏడు రోజులంటే ఏడు తరాల పక్షులన్నమాట అని సర్దుకుని ఉంటాడు.

2011 నవంబర్ 11న వచ్చిన స్కైరిమ్‌లో మొదటి డ్రాగన్‌ని చంపగానే కొండ మీది మునులు ఊరూవాడా దద్దరిల్లేలా మనల్ని కేకేస్తారు. ఏడువేల మెట్లెక్కి రావాలట. ఆ కేక విని, తల ఊపి, కొండకు సరిగ్గా వ్యతిరేక దిక్కున బయల్దేరినవాళ్ళు ఈ భూమ్మీద ఎంతమందో! పక్క గుహలో ఏముందో చూసొద్దామని వెళ్ళినవాడు ఇల్లు కొంటాడు, పెళ్ళి చేసుకుంటాడు, దొంగల ముఠాకు నాయకుడవుతాడు. లోకాన్నే మింగేసే డ్రాగన్ ఆల్డూయిన్ పైన చక్కర్లు కొడుతూనే ఉంటాడు. మింగడు. మనం పిలిచినప్పుడు మింగుతాడు.

ది విచర్ 3 సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2015 నాటి ఆట. గెరాల్ట్ అనే రాక్షసుల వేటగాడు, కూతురిలా పెంచిన సిరిని వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. ఆ అమ్మాయి వెంట ప్రేతసైన్యం పడింది, క్షణం ఆలస్యమైనా ప్రమాదం. ఇంత బరువు గుండెలో పెట్టుకుని వస్తున్న మనిషికి మొదటి ఊళ్ళోనే ఒక ముసలమ్మ ఎదురవుతుంది. తాళం పెట్టిన గుడిసె ముందు నిలబడి ఆమె చెప్పుకున్న కష్టం ఏమిటంటే, పెనం. ఎవరో కొత్తవాడికి ఎరువిచ్చింది, తిరిగిరాలేదు. రెండు కత్తులు వీపున కట్టుకున్న వీరుడు మంత్రం వేసి తలుపు బద్దలుకొట్టాడు. లోపల ఒక శవం, కాలిన కాగితాలు, మధ్యలో తళతళలాడుతూ పెనం. ఆ గదిలో ఏం ఘోరం జరిగిందా అని నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. గెరాల్ట్ కూడా కాస్త ఆలోచించినట్టే కనిపించాడు. చివరికి ఇద్దరం కలిసి పెనం పట్టుకెళ్ళి ఇచ్చాం. ఆ సాయంత్రం లోకంలో ఒక వస్తువైనా దాని సొంతదారు చేతికి చేరిందన్న తృప్తితో, పక్కనున్న సత్రంలో గ్వెంట్ పేకాటకు కూర్చున్నాం. సిరి పరిగెడుతూనే ఉంది, ప్రేతసైన్యం తరుముతూనే ఉంది. మేం ముక్కలు కలుపుకుంటున్నాం. ప్రేతసైన్యానికి కూడా ఎంత నిగ్రహం!

ఇక నా అసలు కథ 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3. ఇందులో మధ్యమధ్య సినిమాలా నడిచే 174 గంటల కట్‌సీన్లున్నాయని తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. విడుదలైన తొలి వారాంతంలోనే ఆటగాళ్ళందరూ కలిసి తమ పాత్రకు ముక్కూ ముఖం దిద్దుకోవడానికే 88 ఏళ్ళ కాలం వెచ్చించారని కూడా వాళ్ళే లెక్క చెప్పారు. ఆ 88 ఏళ్ళలో నా ఉడతాభక్తి వాటా రెండున్నర గంటలు. గడ్డం మూడుసార్లు మార్చాను. కనుబొమకు గాటు పెట్టాలా వద్దా అన్న దగ్గర ఒక రాత్రి గడిచింది. తీరా ఆట మొదలైన మొదటి గంటలోనే ఒక ఇనప టోపీ దొరికింది. ఆ తర్వాత ఆ ముఖాన్ని నేను మళ్ళీ చూసింది తక్కువ.

కథ ప్రకారం మన కంట్లోంచి మెదడులోకి ఒక పురుగును ఎక్కిస్తారు. కొద్ది రోజుల్లో మనం మూతికి తీగలు వేలాడే రాక్షసుడిగా మారిపోతాం. ఇది విన్నవాడు ఎవడైనా వైద్యుడి దగ్గరికి పరిగెత్తాలి. మన గుంపులో ఆ మాట గట్టిగా అన్నది ఒక్క లేజెల్ మాత్రమే. "పదండి, మా వాళ్ళ స్థావరానికి పోదాం, లేకపోతే చస్తాం" అని ఆమె గోల. నిజానికి మొత్తం ఆటలో ఆమె ఒక్కతే బుద్ధి ఉన్న మనిషి. (మనిషి కాదనుకోండి.) అందుకే ఆమెంటే నాకు మొదట్లో అంత కోపం. నేను దారిలో ఒక పిల్లాడికి సాయం చేస్తే తెరకు ఎడమపక్కన, పైన, చిన్న అక్షరాల్లో "లేజెల్‌కు నచ్చలేదు" అని పడేది. పెట్టె తాళం తియ్యడానికి ఆగినా ఆమె ముఖం మాడ్చుకుందేమో అనిపించేది. పురుగు మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు. నలభై రాత్రులు నిద్రపోయాను, మూతికి ఒక్క తీగా మొలవలేదు. ఎందుకు మొలవలేదో కథలో తర్వాత ఒక కారణం చెప్తారు. నా మటుకు నాకు ఆ పురుగు కూడా దుష్టుడి బళ్ళోనే చదువుకుందనిపిస్తుంది.

ఇలా సజావుగా సాగిపోతున్న కాపురంలో ఒక్కసారి అపశ్రుతి పలికింది. వాకీన్స్ రెస్ట్ అనే సత్రం దగ్గరికి చేరేసరికి అది భగ్గున మండుతోంది. సైనికులు తలుపు పగలగొట్టడానికి తన్నుకుంటున్నారు. లోపల ఒక ముఖ్యమైన అధికారిణి చిక్కుకుందని అరుస్తున్నారు. నా మంత్రాలన్నీ అంతకుముందు పోట్లాటలో అయిపోయాయి. ముగ్గురి ఒంట్లో ప్రాణం సగమే ఉంది. మోత బరువెక్కి వీరుడు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఇలాంటి అలసటతో మంటలార్పడం బాధ్యతారాహిత్యం అనుకున్నాను. క్యాంపుకెళ్ళి, 40 పాళ్ళ తిండి ఖర్చుపెట్టి, కడుపు నిండా తిని, అందరం హాయిగా పడుకున్నాం. పొద్దున్నే మంత్రాలతో, ఉత్సాహంతో, నీళ్ళ సీసాలతో వచ్చి చూద్దును కదా, బూడిద. నల్లటి గోడలు. అధికారిణి లేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, తిట్టడానికి మిగిలినవాళ్ళు లేరు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాణ్ణి మనం తరతరాలుగా ఆడిపోసుకుంటున్నాం. వాడైనా మేలుకుని ఉన్నాడు. నేను పడుకున్నాను. అయినా నా వాదన ఒకటుంది: లోకం మొత్తం ఆగినప్పుడు ఒక సత్రానికి ఆగడానికేం? ఉల్క ఆగింది, పురుగు ఆగింది, మంట ఆగలేదంటే పెంపకంలోనే లోపం. ఆటను పాత సేవ్ దగ్గరికి వెనక్కి తీసుకెళ్ళే ఎఫ్8 మీట నొక్కాను. సత్రం మళ్ళీ మండడం మొదలెట్టింది. ఈసారి దూకి అధికారిణిని బయటికి తెచ్చాను. "సమయానికి వచ్చావు" అన్న ధోరణిలో అందరూ చూశారు. నేనూ వినయంగా చూశాను.

ఎఫ్8 మహత్యం గురించి విడిగా ఒక పురాణం రాయొచ్చు. ఎఫ్5 నొక్కితే సేవ్, ఎఫ్8 నొక్కితే లోడ్. కాపలావాణ్ణి మాటలతో ఒప్పించాలంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పడలేదా, లోడ్. మళ్ళీ వెయ్యి. మా వీరుడి వాక్చాతుర్యాన్ని ఆ ప్రాంతమంతా కథలుగా చెప్పుకుంటుంది. ఒక గోబ్లిన్ (పొట్టి రాక్షసుడు లెండి) ముందు అతను పదిసార్లు నోరు జారి, ఆ పది జన్మలనూ నేను చెరిపేశాక పదకొండోసారి హరిశ్చంద్రుడిలా పలికిన సంగతి నాకూ ఎఫ్8కూ తప్ప మూడోవాడికి తెలియదు.

దుష్టులకింత ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని విచారించాను. కిటుకు చిన్నదే. ఆయన గడియారం రోజులను బట్టి నడవదు, మన పాదాన్ని బట్టి నడుస్తుంది. నేల మీద కంటికి కనిపించని గీత ఒకటి గీసి పెడతారు. మనం దాన్ని దాటిన క్షణంలో అక్కడ హోమం మొదలవుతుంది, బందీ మెడ మీద కత్తి పడుతుంది, ద్వారపాలకుడు "అయ్యో, సరిగ్గా ఇప్పుడే!" అంటాడు. ఆ ద్వారపాలకుడు నెల రోజులుగా అదే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నేను గీతకు ఇవతల ఆగి పుట్టగొడుగులు ఏరుకుంటుంటే, అవతల యజ్ఞకుండం చల్లగా ఉంది.

నిజంగా గడియారం పెట్టి చూసినవాళ్ళూ ఉన్నారు. 1997 నాటి ఫాలౌట్‌లో (అది మాయామంత్రాల కథ కాదు, అణుయుద్ధం తర్వాతి కథ) నీళ్ళు శుద్ధి చేసే యంత్రానికి కావాల్సిన చిప్ తేవడానికి 150 రోజులే గడువు. దాటితే నేలమాళిగలో మనవాళ్ళందరూ దాహంతో పోతారు, ఆట కూడా అక్కడితో సరి. 2018లో వచ్చిన పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్‌లోనూ రాజ్యం మీద పడే ఆపదలకు గడువులుంటాయి. రెండింటిలోనూ ఆ గడువుల మీద ఆటగాళ్ళు సణిగారు. సణగరా మరి? ప్రపంచం మునిగిపోతోందని చెప్పొచ్చు, అది మర్యాద. నిజంగా ముంచెయ్యడం ఏం మర్యాద?

ఇంతకీ ఆ ఆగిన కాలమంతా మేం చేసిందేమిటని అడగొచ్చు. సంపాదించాం. నా సంచిలో 61 ప్రాణరక్షణ పోషన్లున్నాయి. ఒక్కటీ తాగలేదు. ముందు ముందు ఇంతకంటే పెద్ద ఆపద వస్తుందని దాచాను. ఆపద వచ్చింది, ఇంకా పెద్దది వస్తుందేమోనని దాన్ని చావుబతుకుల మధ్య ఈదాను, సీసా మూత తియ్యలేదు. ఇవి కాక ఖాళీ సీసాలు, చెంచాలు, ఎవరివో పుర్రెలు నాలుగు, తాళ్ళు ఎనిమిది. ఆ తాడుతో ఎక్కడానికి లేదు, దిగడానికి లేదు, ఎవర్నీ కట్టడానికి లేదు. కానీ తాడు కదా, వదిలెయ్యబుద్ధి కాలేదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నవాడైనా ఒక్క పిల్లినే పెట్టుకున్నాడు.

చదువు కూడా సాగింది. మొదటి ముప్ఫై గంటలూ దొరికిన ప్రతి పుస్తకం, ప్రతి చీటీ, సమాధి మీది ప్రతి అక్షరం చదివాను. దారినపోయే ఎద్దుతో కూడా మాట్లాడాను, మంత్రం ఉందిగా. ఎవరి మాటా మధ్యలో కొట్టెయ్యలేదు. అరవయ్యో గంట దాటాక వేలు తనంతట తనే మౌస్ మీదికి పోవడం మొదలైంది. వాక్యం కింద చదివేసేవాణ్ణి, గొంతు పలకడం పూర్తి కాకుండానే టక్కున నొక్కేవాణ్ణి. "నా తండ్రి చనిపో..." టక్. "ఆ రాత్రి మేమిద్ద..." టక్. ఎంతెంత గొప్ప నటులో పాపం, వాళ్ళ గొంతులు నా ఇంట్లో సగం సగం మాటలుగానే వినిపించాయి.

ఆ అలవాటుతోనే మూన్‌రైజ్ టవర్స్ పైకప్పెక్కాను. అక్కడున్నాడు కెథెరిక్ థోర్మ్. ముసలి సేనాని. భార్య పోయింది, కూతురు పోయింది, ఆ దుఃఖంతో ఒక దేవతను వదిలి ఇంకో దేవతను పట్టుకున్నాడు. నూరేళ్ళ క్రితం ఆ ప్రాంతమంతా చీకటి శాపంలో మునగడం వెనక ఉన్నది ఆయన కథే. నేను ఈ మెట్ల కింద ఎన్ని రోజులు తచ్చాడానో నాకే లెక్క లేదు. దుకాణాల్లో చెంచాలు అమ్ముకున్నాను, క్యాంపులో కవచాలకు రంగులు వేసుకున్నాను. ఆయన ఆ గాలిలో, ఆ పైకప్పు మీద, అలా నిలబడే ఉన్నాడు. నన్ను చూసి నెమ్మదిగా తిరిగి, నోరు తెరిచాడు.

టక్. టక్. టక్ టక్.

వేలు ఆగేసరికి మాట అయిపోయింది. నేనేం జవాబు చెప్తానో ఎంచుకోమని తెర మీద నాలుగు వరసలు. ఆయన నన్నేమడిగాడో నాకు తెలియదు. ఆయన కళ్ళలో మాత్రం ఏదో అడిగిన ఛాయలున్నాయి. మొదటి వరస నొక్కాను. ఆయన సుత్తి ఎత్తాడు.

ఎఫ్8 నొక్కి మళ్ళీ వినొచ్చు. సేవ్ మెట్ల దగ్గరే ఉంది, రెండు నిమిషాల పని. కానీ ఆ మెట్లన్నీ మళ్ళీ ఎక్కి, ఆయన చెప్పేదంతా మొదట్నుంచీ వినే ఓపిక నాకెక్కడిది?